చిప్స్ పొట్లం ఉబ్బింది కానీ గాలి వీచలేదు

విశాఖ నుంచి అరకు వెళ్ళే కిరండూల్ పాసింజరులో అద్దాల పెట్టె టికెట్లు మాకు దొరకలేదు. ఏప్రిల్ ఎండలో, ముగ్గురు కూర్చునే బల్ల మీద ఐదుగురం సర్దుకుని చేసిన ఆ ప్రయాణమే ఈ యాత్రలో నాకు బాగా గుర్తుండిపోయింది. అందుకు కారణం కొండలూ కాదు, సొరంగాలూ కాదు. ఎనిమిదో తరగతి చదివే మా అన్నయ్య కూతురు స్టేషనులో కొనిపించుకున్న చిప్స్ పొట్లం. ముద్రించిన ధర మీద 5 రూపాయలు అదనంగా ఇచ్చానన్న బాధతో దానిని కిటికీ పక్కన తగిలించి, అరకు చేరేదాకా విప్పవద్దని చెప్పాను.

బొడ్డవర దాటి రైలు ఘాట్ ఎక్కుతున్నకొద్దీ ఆ పొట్లం ఉబ్బసాగింది; శిమిలిగుడ చేరేసరికి దిండులా బిగుసుకుపోయింది. నా ఫోనులో వాతావరణ పీడనం కొలిచే సెన్సారు ఉంది. అది విశాఖ స్టేషనులో 1008 హెక్టోపాస్కల్‌లు చూపగా, సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడలో 899 చూపింది. పైకి వెళ్ళేకొద్దీ మన నెత్తిన ఉన్న గాలి తగ్గుతుంది కనుక దాని బరువూ తగ్గుతుంది. పొట్లంలోని గాలి విశాఖ పీడనాన్నే మోసుకువచ్చి బయటికి తోస్తోంది.

ఇనుప ఖనిజం గూడ్సుకు దారి ఇవ్వడానికి మా రైలును అక్కడే చాలాసేపు ఆపేశారు. చెట్ల మీద ఆకు కదలడం లేదు. చెమట తుడుచుకుంటూ ఆ పిల్ల అడిగింది: “బాబాయ్, పీడనం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి గాలి వీస్తుందని మా పుస్తకంలో ఉంది కదా. విశాఖలో అంత ఎక్కువ, ఇక్కడ ఇంత తక్కువ. మరి గాలి ఏది?”

వెంటనే జవాబు తోచలేదని ఒప్పుకోవాలి. గూడ్సు వెళ్ళిపోయాక మా తాతగారి బావి గుర్తుకొచ్చింది. బావి అడుగున నీటి పీడనం ఎక్కువే అయినా నీళ్ళు పైకి ఎగజిమ్మవు. పైకి నెట్టే ఆ పీడనానికీ నీటి బరువుకూ సరిపోతుంది. గాలి సంగతీ అంతే. నిలువుగా ఉన్న తేడాను గాలి బరువే మోస్తుంది. పక్కపక్కన, ఒకే ఎత్తులో ఉన్న రెండు చోట్ల మధ్య తేడా వస్తే దానిని ఆపే బరువు ఉండదు కనుక గాలి కదులుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చిపెట్టిన హుద్‌హుద్ తుఫాను కేంద్రంలో పీడనం దాదాపు 950కి పడిపోయింది. మేము కూర్చుని చిప్స్ పొట్లం చూస్తూ దాటిన తేడా అంతకంటే ఎక్కువ!

అరకు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బొంగు చికెన్ ధర విన్నాక ఆకలి సగం తగ్గింది.

మర్నాడు మధ్యాహ్నం బీచ్ రోడ్డు బస్సులో భీమిలి వెళ్ళాము. ఇసుక మీద చెప్పులు విప్పలేకపోయాము, నీళ్ళలో కాలు పెడితే మాత్రం చల్లగా ఉంది. అదే ఎండ రెంటి మీదా పడుతున్నా, నీటిని వేడెక్కించడానికి చాలా ఎక్కువ వేడి కావాలి. పైగా ఆ వేడి లోతుకు కలిసిపోతుంది. నేల మీద గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. పైపొరల్లో అది సముద్రం వైపు సర్దుకోవడంతో నేల మీద పీడనం కొద్దిగా తగ్గుతుంది. కొద్దిగా అంటే ఒకటి రెండు హెక్టోపాస్కల్‌లే. ఆ తేడాకే సముద్రం మీది నుంచి నేల వైపు గాలి వీస్తుంది. ఆ పిల్ల ఫోను తీసింది కానీ, ఒక్క చోట నిలబడి చూస్తే ఆ తేడా తెలియదు. అదే క్షణంలో ఊరి లోపల ఇంకొకరు కొలవాలి.

మా ఊళ్ళో కళ్ళాల దగ్గర చేటతో నిలబడి, తూర్పారబట్టడానికి పైరగాలి కోసం తాతగారు ఇలాంటి మధ్యాహ్నాలే ఎదురుచూసేవారు. గాలి వచ్చిందంటే ఊక ఒకవైపు, గింజ ఒకవైపు. రాత్రికి నేల త్వరగా చల్లబడి గాలి దిశ మారుతుందని చెబుతుండగానే, ఖాళీ చిప్స్ పొట్లం ఆ పిల్ల చేతిలోంచి ఎగిరి ఊరి వైపు దొర్లిపోయింది. వేడి ఇసుకలో దాని వెంట పరుగెత్తాల్సి వచ్చింది నేనే.