ఇంగ్లీషు ‘బై’ అంటే ‘చేత’ ఒక్కటేనా? – నా అనుభవం

నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక బండల పాలిష్ యూనిట్ ఆఫీసులో పని చేస్తాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీ కడపలో. చేరినప్పుడు బిల్లులు రాయడం, ఈ-వే బిల్లు తీయడం వరకే నా పని. ఏడాది తిరిగేసరికి బెంగళూరు, పూణే డీలర్ల మెయిళ్ళు చదివి జవాబివ్వడం కూడా నామీద పడింది.

ఒకసారి బెంగళూరు డీలరు ‘వుయ్ నీడ్ ద మెటీరియల్ బై ఫ్రైడే’ అని రాశాడు. శుక్రవారం రోజున పంపమంటున్నాడని అర్థం చేసుకొని, శుక్రవారం పొద్దున లోడింగ్ పెట్టించాను. లారీ అక్కడికి చేరింది శనివారం. అప్పటికే బండలు పరిచే మేస్త్రీలు ఒక రోజంతా ఖాళీగా కూర్చున్నారట. వాళ్ళ కూలి మా బిల్లులో కోసుకున్నాడు.

మేనేజర్ సార్ నన్ను పిలిచి, “శుక్రవారం పంపమని కాదు మా, శుక్రవారానికల్లా ఆడ దిగల్లని. రెండూ ఒకటేనా?” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక నన్ను పట్టుకున్నది ఆ ‘కల్లా’. ఇంత సరిగ్గా సరిపోయే మాట పుట్టినప్పటినుంచీ నా నోట్లో ఉంటే, ‘బై’ చూడగానే అది నాకెందుకు తోచలేదు?

కారణం బడిలోనే ఉంది. ‘బై’ అంటే ‘చేత’ అని నేర్పించారు. రావణుడు రాముని చేత చంపబడెను. లెక్కల్లో కూడా అంతే, 12 అనే సంఖ్య 3చే భాగించబడును. ఇంట్లో ఎవరూ ‘చంపబడెను’ అని మాట్లాడరు. రాముడు రావణుణ్ణి చంపాడు అంటారు. అంటే నేను మాట్లాడని తెలుగు ముక్క ఒకటి తీసుకొని, దానికి ‘బై’ని కట్టేసి పెట్టుకున్నాను.

మరుసటి రోజునుంచి ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను. మెయిల్లో ‘బై’ కనిపిస్తే ఆ వాక్యం మొత్తం రాసి, ఇదే మాట మా లోడింగ్ వాళ్ళు చెప్పాల్సి వస్తే ఎట్ల చెప్తారో పక్కన రాసేదాన్ని. డిక్షనరీ తర్వాత. ముందు ఆ తెలుగు మాట.

కాలం దగ్గరే పేజీలు ఎక్కువ నిండాయి. ‘బై నౌ’ అంటే ఈపాటికి. ‘బై దెన్’ అప్పటికి. ‘బై ద టైమ్ ద లారీ కేమ్’ లారీ వచ్చేసరికి. ‘బై ఫ్రైడే’ శుక్రవారానికల్లా, అంటే గురువారం చేరినా మంచిదే, శుక్రవారం దాటకూడదు. ‘అన్‌టిల్ ఫ్రైడే’ అయితే శుక్రవారం దాకా. ‘షాప్ ఈజ్ క్లోజ్డ్ అన్‌టిల్ ఫ్రైడే’ అనే చోట ‘బై’ పెట్టకూడదు, ఎందుకంటే మూసి ఉండడం అన్నాళ్ళూ సాగుతూనే ఉంటుంది. ఒక్కసారి జరిగి తీరాల్సిన పనికి ‘బై’, సాగే పనికి ‘అన్‌టిల్’. ఇది పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నేను నేర్చుకున్నవాటిలో చాలా విలువైనది ఇదే అనుకుంటాను.

రెండోది రేటు. పూణే డీలరుకు చదరపు అడుగు మీద రెండు రూపాయలు తగ్గిస్తామని చెప్పాలి. నేను ‘రెడ్యూస్డ్ టు టూ రుపీస్’ అని టైప్ చేశాను. పంపే ముందు నోటుబుక్కు అలవాటు కొద్దీ తెలుగులో చెప్పుకొని చూశా. ‘రెండు రూపాయలకు తగ్గిస్తాం’ అని వచ్చింది. అంటే బండ అడుగు రెండు రూపాయలే! ‘టు’ తీసేసి ‘బై’ పెట్టాను. తెలుగులో తేడా అంతా ఆ ‘కు’లోనే ఉంది. ‘రెండు రూపాయలకు’ అంటే ‘టు’. ఏ ప్రత్యయమూ లేకుండా ‘రెండు రూపాయలు తగ్గించాం’ అంటే ‘బై’. ఇక్కడ ‘బై’కి తెలుగులో మాటే లేదు. బండను అడుగు లెక్కన అమ్మితే మాత్రం ‘బై ద స్క్వేర్ ఫుట్’, మధ్యలో ‘ద’ ఉండాలి.

‘చేత’ కూడా అనుకున్నంత నమ్మకమైనది కాదు. బండను మేస్త్రీ కోస్తే ‘బై’, రంపంతో కోస్తే ‘విత్’. చేసేవాడికి ఒకటి, పనిముట్టుకు ఒకటి. మనం ‘కూలీల చేత మళ్ళీ కొలిపించాం’ అంటాం. ఆ ‘చేత’ను చూసి ‘మేడ్ బై ద వర్కర్స్ టు మెజర్’ అని రాసేశాను ఒకసారి. ‘మేడ్’ పెడితే ‘వుయ్ మేడ్ ద వర్కర్స్ మెజర్ ఇట్’ అనాలి, ‘బై’ రాదు. ‘గాట్ ఇట్ మెజర్డ్’ అంటేనే వెనక ‘బై ద వర్కర్స్’ వస్తుంది.

‘బై లారీ’ సరే, ‘బై మై లారీ’ తప్పు, ‘ఇన్ మై లారీ’ అనాలి. ‘బై మిస్టేక్’ పొరపాటున. ‘వన్ బై వన్’ ఒక్కొక్కటి, ‘డే బై డే’ రోజురోజుకూ. మనం మాటను రెండుసార్లు అంటాం, వాళ్ళు నడుమ ‘బై’ వేస్తారు. ఇక ‘రెండు బై రెండు బండ’, టీ కొట్టులో ‘వన్ బై టూ’, సర్వే నంబరులో ‘బై’ బడికి పోనివాళ్ళకూ వచ్చు.

ఆదివారాలు కొన్ని కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో గడిపాను. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, పండితుల్ని పెట్టుకొని తెలుగు గ్రంథాలు పరిష్కరింపజేశాడు. ఆయన ఉన్న చోటే ఈ గ్రంథాలయం. అంత దూరం నుంచి ఉద్యోగానికి వచ్చి మన మాటల కోసం ఆయన పడ్డ కష్టం తలుచుకుంటే, నా నోటుబుక్కు మీద గౌరవం పెరిగింది. ‘బై’కి అన్నిటికన్నా పాత అర్థం ‘పక్కన, దగ్గర’ అని చదివాను. ‘బికాజ్’ కూడా మొదట ‘బై కాజ్’ అట. ‘గుడ్ బై’లో ‘బై’కి మాత్రం దీనితో చుట్టరికం లేదు, అది ‘దేవుడు మీతో ఉండుగాక’ అనే వాక్యం అరిగి మిగిలింది.

మొన్న పూణే నుంచి ‘వుయ్ స్టాండ్ బై అవర్ ఆర్డర్’ అని వచ్చింది. మా యూనిట్లో స్టాండ్‌బై జనరేటర్ ఉంది కాబట్టి, ఆర్డరు పక్కన పెట్టారేమో అనిపించింది. జవాబు రాయకుండా ఫోన్ చేసి అడిగాను. మాట మీద నిలబడతాం, సరుకు పంపండి అన్నాడు ఆయన. నోటుబుక్కులో ‘మాట మీద’ అని రాసుకొని, సోమవారానికల్లా లారీ కావాలని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు చెప్పాను.