నేస్తం సుఖపడుతున్న వేళ రాముడు

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు సుందరకాండ పారాయణకు లోటు లేదు. పెళ్లి కుదరాలన్నా, ఉద్యోగం రావాలన్నా, రోగం తగ్గాలన్నా అదే చదువుతారు. సంతోషం. కానీ దాని ముందున్న కిష్కింధకాండ దగ్గరికి వచ్చేసరికి వాలివధ దాకా చదివి, తర్వాత పేజీలు గబగబా తిప్పేస్తారు. "వానల వర్ణనే కదా మాస్టారూ" అంటారు. నాకు కష్టంగా ఉండేది అక్కడే. పక్కవాళ్ల సుఖంతో పోల్చుకుని కుమిలిపోవడం ఇవాళ మన పిల్లల్ని తినేస్తున్న రోగం. దానికి మందు ఆ వానల్లోనే ఉంది.

సుగ్రీవుడి పట్టాభిషేకం అయింది. శ్రావణం వచ్చింది. "నువ్వు నగరంలో ఉండు, కార్తీకం వచ్చాక రావణుడి సంగతి చూద్దాం" అని పంపినవాడు రాముడే. తాను మాత్రం తమ్ముడితో ప్రస్రవణగిరి మీద గుహలో ఉండిపోయాడు. కిష్కింధ అక్కడికి ఎంతో దూరం కాదు. ఆ పాటలు, మృదంగాల మోత, వానరుల కేకలు గుహలోకి వినిపిస్తున్నాయని 27వ సర్గలో ఆయనే లక్ష్మణుడితో అంటాడు. భార్యను, రాజ్యాన్ని పొంది, స్నేహితుల మధ్య సుగ్రీవుడు ఆనందిస్తూ ఉంటాడని కూడా అంటాడు. సీత జాడ తెలియదు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. చెవుల్లో స్నేహితుడి ఇంటి సంబరం.

ఆ మృదంగాలు ఇప్పుడు మన దిండు పక్కనే, ఫోన్‌లో మోగుతున్నాయి. ఒకరి కొత్త ఇల్లు, ఒకరి వీసా, ఒకరి సీమంతం, ఒకరి కారు. చివరికి భక్తిలోనూ అదే. నెల్లిమర్ల దగ్గర రామతీర్థం వెళ్లి, దర్శనం కాగానే ఫోన్ తీసి, పక్కింటివాళ్ల ఫొటోకు ఎన్ని లైకులు వచ్చాయో చూసుకునేవాళ్లు ఉన్నారు. పారాయణ గ్రూపుల్లో వెండి పీఠాల పోటీ. స్వామి ఎదుట కూర్చుని కూడా పక్కవాడి పళ్లెం చూడటమేమిటి?

ఇక 28వ సర్గలో నేను ఎప్పుడూ ఆగిపోయే శ్లోకాలు:

ఇమాః స్ఫీతగుణా వర్షాః సుగ్రీవః సుఖమశ్నుతే
విజితారిః సదారశ్చ రాజ్యే మహతి చ స్థితః
అహం తు హృతదారశ్చ రాజ్యాచ్చ మహతశ్చ్యుతః
నదీకూలమివ క్లిన్నమవసీదామి లక్ష్మణ

అతనికి శత్రువు పోయాడు, భార్య పక్కన ఉంది, గొప్ప రాజ్యం ఉంది. ఈ వానల్ని సుఖంగా అనుభవిస్తున్నాడు. నాకు భార్య లేదు, రాజ్యం లేదు. తడిసిన ఏటి గట్టులా కుంగిపోతున్నాను లక్ష్మణా.

చూడండి, స్వామి పోల్చుకున్నాడు. ఒక్కొక్కటీ పక్కపక్కన పెట్టి మరీ పోల్చుకున్నాడు. నాకేం బాధ లేదని నటించలేదు. ఆ ఏటి గట్టు మాట నాగావళి ఒడ్డునో వంశధార ఒడ్డునో పుట్టినవాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు. వరదప్పుడు గట్టు పైకి బాగానే కనిపిస్తుంది. మీద గడ్డి కూడా పచ్చగా ఉంటుంది. అడుగున మట్టి నానిపోయి, ఏరు కోసేసి, ఏదో ఒక పూట కొబ్బరిచెట్టుతో సహా విరిగి నీళ్లలో పడుతుంది. చూసేవాళ్లకు అప్పటిదాకా తెలియదు. రాత్రి రెండింటిదాకా ఇతరుల ఫొటోలు చూస్తూ, పొద్దున్నే నవ్వుతూ కాలేజీకి వెళ్లే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మాట దగ్గర కాసేపు ఆగండి.

స్వామి ఆ బాధను ఎక్కడ చెప్పుకున్నాడు? పక్కనే ఉన్న లక్ష్మణుడితో. పదిమందికీ కనపడేలా కాదు. చెప్పుకున్నాక వెంటనే ఇంకో మాట వస్తుంది:

అపి చాతిపరిక్లిష్టం చిరాద్దారైః సమాగతమ్
ఆత్మకార్యగరీయస్త్వాద్వక్తుం నేచ్ఛామి వానరమ్

అతను చాలా కష్టాలు పడ్డవాడు, ఎంతో కాలానికి భార్యను కలుసుకున్నాడు, నా పని చూస్తే పెద్దది, ఇప్పుడే అతణ్ణి కదిలించాలని లేదు అంటున్నాడు. విశ్రాంతి తీసుకుని, సమయం వచ్చాక తనే గుర్తు చేసుకుంటాడట!

ఇక్కడికి వచ్చేసరికి నాకు గొంతు పూడుకుపోతుంది. ఇందాక "అతను సుఖంగా ఉన్నాడు, నేను లేను" అన్న నోరే ఇది. ఈ మార్పు ఎలా వచ్చింది? రాముడికి సుగ్రీవుడి ఋష్యమూకం, అంటే అన్న వాలికి భయపడి అతను తలదాచుకున్న కొండ, తెలుసు కాబట్టి. స్నేహం కలిపిన రోజు హనుమ కట్టెలు మథించి నిప్పు పుట్టించాడు. ఇద్దరూ దానికి ప్రదక్షిణం చేశారు. "ఏకం దుఃఖం సుఖం చ నౌ", మన ఇద్దరికీ సుఖమూ దుఃఖమూ ఒకటే అన్నాడు సుగ్రీవుడు. పూలున్న మద్దికొమ్మ విరిచి పరిచి, ఒకే కొమ్మ మీద ఇద్దరూ కూర్చున్నారు. అన్న తరిమేస్తే ప్రాణభయంతో అడవులు పట్టి తిరిగిన కథ, భార్యను పోగొట్టుకున్న కథ, సుగ్రీవుడు కన్నీళ్లతో చెబితే రాముడు విన్నాడు. అందుకే మృదంగాల మోత వినిపించినా, అది ఎన్నాళ్ల ఏడుపు తర్వాత మోగిందో ఆయనకు తెలుసు. ఫోన్‌లో మనకు కిష్కింధ ఒక్కటే కనబడుతుంది. ఋష్యమూకం ఎవరూ పోస్ట్ చేయరు. అది కొమ్మ మీద పక్కన కూర్చుంటేనే వినబడుతుంది.

మా ఊళ్లలో నేస్తం కట్టుకున్నవాళ్లు, అంటే జీవితాంతం స్నేహంగా ఉంటామని మాట ఇచ్చుకున్నవాళ్లు, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునేవారు కాదు. "నేస్తం" అనే పిలుపు. మా అమ్మ నేస్తం ఇంట్లో పెళ్లయితే మా ఇంట్లో సున్నం వేసేవారు. వాళ్లింట్లో చావయితే మా పొయ్యి వెలిగేది కాదు. ఆవిడ మెడలో కొత్త గొలుసు చూసి మా అమ్మ మురిసిపోయేది. ఆ గొలుసు కోసం ఎన్నేళ్లు జీడితోటలో పని చేసిందో అమ్మకు తెలుసు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చిన ఒక కుర్రాడు మా వీధిలో జిరాక్స్ షాపులో పని చేస్తాడు. గల్ఫ్‌లో ఉన్న తన చిన్ననాటి స్నేహితుడి ఫొటోలు చూసి నిద్ర మానేశాడు. "వాడు స్లాబు ఇల్లు కట్టేశాడు మాస్టారూ, నేను ఇక్కడే ఉండిపోయాను" అనేవాడు. చూడటం మానేయమని నేను చెప్పలేదు. ఫోన్ చేసి మాట్లాడమన్నాను. మాట్లాడాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కొబ్బరితోట మొత్తం పడిపోతే అప్పు తీర్చడానికి గల్ఫ్‌కు వెల్డింగ్ పనికి వెళ్లాడట ఆ స్నేహితుడు. కిక్కిరిసిన గదిలో ఉంటున్నాడు. ఇక్కడ తల్లికి కిడ్నీ జబ్బు. ఇప్పుడు ఆవిణ్ణి పలాసకు డయాలసిస్‌కు వీలున్నప్పుడల్లా తీసుకెళ్లేది మా జిరాక్స్ షాపు కుర్రాడే. ఆ స్లాబు ఇంటికి రంగులు వేయించింది కూడా అతనే, దగ్గరుండి, తన ఇల్లులా.

శరత్తు వచ్చాక రాముడు సుగ్రీవుడి మీద కోపగించాడు కదా అని అడుగుతారు. కోపగించాడు. "సమయే తిష్ఠ సుగ్రీవ", ఒప్పుకున్న మాట మీద నిలబడు అని లక్ష్మణుడితో చెప్పి పంపాడు. మాట తప్పినందుకు వచ్చిన కోపం అది, సుఖపడినందుకు కాదు. స్నేహంలో ఆ కోపానికి చోటుంది. నిలదీయండి, పోట్లాడండి. లోపల కుళ్లిపోవడానికి మాత్రం చోటివ్వకండి.

ఈ శ్రావణంలో పారాయణ మొదలుపెట్టేవాళ్లకు నా విన్నపం ఒకటే. కిష్కింధలో 26 నుంచి 30 దాకా సర్గలు వదిలిపెట్టకండి. చదివిన రోజు పీఠం ఫొటో ఎక్కడా పెట్టకండి. ఎవరి సంబరం చూసి మీ గుండె చివుక్కుమందో ఆ ఒక్కరికి ఫోన్ చేయండి. శుభాకాంక్షలు చెప్పి పెట్టేయకండి, ఎలా ఉన్నావని అడిగి వినండి. దగ్గరి ఊరైతే బస్సెక్కి వెళ్లండి. వాళ్లు దూరదేశంలో ఉంటే, ఇక్కడున్న వాళ్ల అమ్మానాన్నల్ని చూసి రండి.