చల్లటి నీళ్ల ట్యాంకు సగం సామర్థ్యం ఎక్కడ పోతుంది?

రాత్రి నీళ్లు చల్లబరిచి ట్యాంకులో నిల్వ చేసి, పీక్ గంటల్లో (కరెంటు వాడకం బాగా ఎక్కువుండే వేళల్లో) చిల్లర్లు, అంటే నీళ్లు చల్లబరిచే యంత్రాలు, ఆపి ఆ నీళ్లతోనే క్యాంపస్‌లో ఏసీ నడపాలంటే, అన్నిటికన్నా ముందు చూడాల్సింది రిటర్న్ నీటి (భవనాల్లో తిరిగి వెనక్కొచ్చే నీటి) ఉష్ణోగ్రత.

5 డిగ్రీల నీళ్లు వెళ్లి 13 దగ్గర తిరిగొస్తే 1,000 ఘనమీటర్ల ట్యాంకు లెక్కప్రకారం 2,600 టన్ను-గంటలకు (చల్లదనాన్ని కొలిచే యూనిట్) పైగా ఇస్తుంది. 9 దగ్గరే వచ్చేస్తే అందులో సగమే. పైగా పంపులు రెట్టింపు నీళ్లు తోయాలి.

చాలాసార్లు దోషం ట్యాంకుది కాదు, ఏహెచ్‌యూల (గదులకి చల్లగాలి పంపే యంత్రాల) దగ్గరున్న త్రీవే వాల్వులది. కాయిల్‌కి (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టకి) అక్కర్లేని చల్లటి నీళ్లను అవి నేరుగా రిటర్న్‌లో కలిపేస్తాయి. వాటి స్థానంలో అక్కర్లేని నీళ్లను ఆపేసే టూవే వాల్వులు, పంపులకు వీఎఫ్‌డీలు (అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చే పరికరాలు) పెట్టాలి. కాయిల్స్‌కి పట్టిన మురికి కడిగించాలి. సప్లై గాలి సెట్‌పాయింట్ (గదుల్లోకి పంపే గాలికి పెట్టిన ఉష్ణోగ్రత) మరీ తగ్గించేస్తే వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉండిపోతుంది, అదీ చూడండి.

ట్యాంకులో వేడి నీళ్లు పైన, చల్లనివి కింద నిలవాలి. డిఫ్యూజర్ (ట్యాంకులోకి నీళ్లను మెల్లగా పరిచే గొట్టం) నుంచి నీళ్లు జోరుగా వస్తే రెండూ కలిసిపోతాయి. అర మీటరుకో సెన్సార్ పెడితే ఆ కలయిక వెంటనే తెలుస్తుంది. 4 డిగ్రీల కిందికి మాత్రం దింపొద్దు. అక్కడి నుంచి నీళ్లు మళ్లీ తేలికై పైకి లేస్తాయి.