కంపెనీ కథ పక్కన చట్టాల క్యాలెండర్ పెట్టుకుని చదవండి

బిజినెస్ స్ట్రాటజీ నేర్చుకోవాలంటే ఏం చదవాలి అని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఒక్క కంపెనీని పట్టుకోండి, ఇరవై ముప్పై ఏళ్ల చరిత్ర ఏడాది ఏడాదీ చదవండి. "విజయానికి పది సూత్రాలు" లాంటి వ్యాసాల్లో ధైర్యం, దూరదృష్టి, పట్టుదల తప్ప ఏమీ దొరకవు, అవి మునిగిపోయిన కంపెనీల్లోనూ బోలెడంత ఉన్నాయి. ఫలానా సంవత్సరంలో ఆ కంపెనీ ముందు ఎన్ని దారులున్నాయి, ఏది పట్టుకుంది, మిగతావి ఎందుకు వదిలేసింది అన్నది లోతుగా రాసిన చరిత్రలోనే కనిపిస్తుంది. ఇంకో మాట కూడా చెబుతాను, పక్కన చట్టాల క్యాలెండర్ ఒకటి పెట్టుకోండి. ఎందుకో డాక్టర్ రెడ్డీస్ కథతో చూద్దాం.

హైదరాబాద్‌లో ఫార్మా ఎందుకు ఎదిగింది అంటే చాలామంది మన దగ్గర ఖర్చు తక్కువ కదా అంటారు. 1960ల్లోనూ ఖర్చు తక్కువే, మరి అప్పుడెందుకు ఎదగలేదు? అప్పటికి మనకున్నది 1911 నాటి పేటెంట్ చట్టం, మందు మీదే పేటెంటు ఉండేది, మార్కెట్ అంతా విదేశీ కంపెనీల చేతిలో ఉండేది. 1970లో చేసి 1972లో అమల్లోకి తెచ్చిన కొత్త చట్టం మందు మీద పేటెంట్ తీసేసి, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంచింది. అంటే అదే మందును వేరే దారిలో తయారు చేయగలిగితే చాలు, అమ్ముకోవచ్చు. ఆ రోజు నుంచి ఈ వ్యాపారంలో అసలు పెట్టుబడి మంచి కెమిస్టే. ఆ కెమిస్టులు ఎక్కడున్నారు? బాలానగర్‌లో, సోవియట్ సాయంతో కట్టిన ఐడీపీఎల్ అనే ప్రభుత్వ ఫ్యాక్టరీలో. తాడేపల్లిలో పసుపు రైతు కొడుకుగా పుట్టిన కల్లం అంజిరెడ్డి గారు పీహెచ్‌డీ అయ్యాక పనిచేసింది అక్కడే. హైదరాబాద్ ఫార్మాలో తర్వాత సొంత కంపెనీలు పెట్టినవాళ్లలో చాలామంది అక్కడ పని నేర్చుకున్నవాళ్లే. చివరికి ఐడీపీఎల్ మూతపడింది, కానీ ఊరికి అది ఇచ్చింది మాత్రం చాలా పెద్దదని నా గట్టి నమ్మకం, దాన్ని వదిలేసి హైదరాబాద్ ఫార్మా కథ చెప్పడం అన్యాయం.

1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలైంది. మొదటి సరుకు మిథైల్‌డోపా, బీపీ మందుకు ముడి పదార్థం. ముందు బల్క్ డ్రగ్స్, అంటే మాత్రల్లో వేసే ముడి మందులు, తర్వాత సొంత పేరుతో మాత్రలు. నోరిలెట్, ఒమెజ్ మన ఇళ్లలో అందరికీ తెలిసిన పేర్లే. ఇక్కడి వరకు నడిపించింది 1970 నాటి చట్టమే.

1995లో డబ్ల్యూటీఓ, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. 2005 జనవరి నుంచి మందు మీద పేటెంట్ మళ్లీ ఇవ్వాల్సిందే అని ఖాయమైంది, అంటే అన్నం పెట్టిన చట్టానికి గడువు తేదీ పడింది. మరి అంజిరెడ్డి గారు సొంత అణువుల కోసం, అంటే కొత్త మందుల కోసం, పరిశోధన సంస్థ పెట్టింది ఎప్పుడనుకున్నారు? 1990ల మొదట్లోనే, ఆ తేదీకి పదేళ్ల పైన ముందు. 1997లో ఒక మధుమేహం మందు అణువును నోవో నార్డిస్క్ అనే డెన్మార్క్ కంపెనీకి లైసెన్స్ ఇచ్చారు, ఒక భారతీయ కంపెనీ అలా ఇవ్వడం అదే మొదటిసారి. ఆ అణువు చివరికి మార్కెట్‌కు రాలేదు. అయినా ఆ పందెం వేయడం సరైనదే అంటాను. చట్టం మారాక పరిశోధన మొదలుపెట్టి ఉంటే చాలా ఆలస్యమైపోయేది.

రెండో పందెం అమెరికాలో. అక్కడ 1984లోనే ఒక చట్టం వచ్చింది, పేటెంట్ చెల్లదని సవాలు చేస్తూ మొదట దరఖాస్తు పెట్టిన జెనరిక్ కంపెనీకి (అంటే అదే మందును తక్కువ ధరకు తయారుచేసే కంపెనీకి) 180 రోజులు వేరే జెనరిక్ పోటీ లేకుండా అమ్ముకునే హక్కు. ఎలై లిల్లీ అనే అమెరికా కంపెనీ అమ్మే డిప్రెషన్ మందు ప్రొజాక్ పేటెంట్ మీద 2000లో కోర్టు తీర్పు వ్యతిరేకంగా వచ్చింది. 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు వరుసలో ముందున్నది బార్ అనే అమెరికా కంపెనీ, 40 మిల్లీగ్రాములకు ముందున్నది డాక్టర్ రెడ్డీస్. 2001 ఆగస్టులో ఆ 180 రోజులు దొరికాయి, ఒక భారతీయ కంపెనీకి అది మొదటిసారి. పెద్ద కేసును పోరాడింది మరొకరు, అయినా ఖాళీగా ఉన్న మోతాదు దగ్గర ముందుగా నిలబడ్డందుకు వీళ్లకు దక్కింది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే, ఎంత చిన్న చోటు చూడండి!

తర్వాత దెబ్బలూ తగిలాయి. ఫైజర్ బీపీ మందు ఆమ్లోడిపిన్‌ను వేరే లవణంతో తెద్దామనుకుంటే 2004లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. 2006లో జర్మనీలో బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొన్నారు. ఆ కంపెనీ బలమంతా బ్రాండ్, డాక్టర్లతో మందుల షాపులతో ఉన్న సంబంధాలు. సరిగ్గా ఆ సమయంలోనే అక్కడి సంస్కరణలతో ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి ఎవరు తక్కువకిస్తే వాళ్ల మందే తీసుకోవడం మొదలైంది, ఆ సంబంధాలకు విలువ పడిపోయింది, పెట్టిన డబ్బులో పెద్ద భాగం పుస్తకాల్లో కొట్టేయాల్సి వచ్చింది. చట్టాన్ని చదివి గెలిచిన కంపెనీనే ఇంకో దేశంలో చట్టం మారి దెబ్బతీసింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవకపోతే స్ట్రాటజీ సగమే అర్థమైనట్టు.

ఇదంతా చదవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో లిస్ట్ అయినప్పటి నుంచి కంపెనీ ఏటా అమెరికాలో దాఖలు చేసే 20-ఎఫ్ నివేదికలు అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ముందుమాటలు, ఫొటోలు వదిలేసి రిస్కుల భాగం, కోర్టు కేసుల భాగం తెరవండి. కంపెనీ దేనికి టెన్షన్ పడుతోందో అక్కడ తెలుస్తుంది. వరసగా నాలుగైదు ఏళ్లవి చదివితే ఏ భయం కొత్తగా చేరింది, ఏది మాయమైంది అన్నది కూడా పట్టుకోవచ్చు.

ఇది అయ్యాక హైదరాబాద్‌దే అయిన ఇంకో ఫార్మా కంపెనీ దివీస్ చదవండి. మురళి దివి గారు 1984 నుంచి కొన్నేళ్లు అంజిరెడ్డి గారితో కలిసి కెమినార్ అనే మందుల కంపెనీలో పనిచేసినవారే, 1990లో బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టారు. అదే ఊరు, అదే చట్టం, అదే తరం కెమిస్టులు. కానీ ఆయన ఎంచుకున్నది పూర్తిగా వేరు, పేటెంట్లు సవాలు చేయడం లేదు, సొంత బ్రాండు మాత్రలు లేవు, పెద్ద కంపెనీలకు కావాల్సిన ముడి మందులు తయారుచేసి ఇవ్వడం, కొనేవాళ్లతో పోటీ పడకపోవడం. 2005లో పేటెంట్ చట్టం మారినప్పుడు ఒకరికి గండం అయినది ఇంకొకరికి ఆర్డర్లు తెచ్చే అవకాశమైంది. ఈ రెండు కంపెనీల 2003 నుంచి 2010 వరకు నివేదికలు పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఎవరు ఏ డబ్బు కాదనుకున్నారో రాసుకుంటూ వెళ్లండి.