ముట్లుడిగే వయసులో డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

గుండె దడ అంటే ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు. మోకాళ్ల నొప్పులకి ఎముకల డాక్టరు కాల్షియం రాశారు. నిద్ర పట్టడం లేదంటే ఇంకొకరు నిద్రమాత్ర ఇచ్చారు. మూత్రంలో మంటకి ఈ ఏడాదే మూడు యాంటీబయాటిక్ కోర్సులు అయ్యాయి. 46 ఏళ్ల మనిషి ఇలా నాలుగు గుమ్మాలు ఎక్కి దిగినా, ‘నెలసరి ఎలా ఉందమ్మా?’ అని ఒక్కరూ అడగకపోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆమెకీ చెప్పాలని తోచదు. ఒక్కో బాధా విడివిడిగా చూస్తే చిన్నదే. అన్నీ ఒకే కాగితం మీదికి వస్తే తప్ప మెనోపాజ్ కనపడదు.

అసలు చిక్కు ‘ఇంకా ముట్లు వస్తూనే ఉన్నాయి కదా, మెనోపాజ్ ఎలా అవుతుంది?’ అనే మాటతో మొదలవుతుంది. ముట్లు ఆగి వరసగా 12 నెలలు గడిస్తే మెనోపాజ్ అంటారు. మన దేశంలో సగటున అది 46-47 ఏళ్లకు వస్తుంది. బాధలు మాత్రం అంతకు కొన్నేళ్ల ముందే, ముట్లు తప్పుతూ, ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉన్నప్పుడే మొదలవుతాయి. ఆ దశలో అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఒక్కసారిగా తగ్గిపోదు. ఒక నెల ఎక్కువగా, ఇంకో నెల తక్కువగా ఊగుతుంటుంది. ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం ఆ ఊగిసలాటకి తట్టుకోలేక, కాస్త వేడికే ఒళ్లంతా చల్లబరచమని ఆదేశమిస్తుంది. ఛాతీ నుంచి మొహానికి ఎగదన్నే ఆవిర్లు, చెమటలు, ఆ వెంటనే వణుకు అందుకే. కాబట్టి 42, 43 ఏళ్లకే ఇవి కనిపిస్తే ‘అప్పుడేనా’ అని కొట్టిపారేయకండి.

‘కొన్నాళ్లు ఓర్చుకుంటే అదే పోతుంది’ అని పెద్దవాళ్లు చెప్పేది ప్రేమతోనే. కానీ అమెరికాలో వేలమంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో ఆవిర్లు నిలిచిన కాలం సగటున 7.4 ఏళ్లు. ఏడేళ్లు నిద్ర లేకుండా వంటిల్లు, ఉద్యోగం, పొలం, మనవలు అన్నీ మోయమనడం ఓర్పు కాదు, అన్యాయం. నిద్ర గానీ, పని గానీ, ఇంట్లో మాట గానీ చెడుతుంటే వెళ్లడానికి ఆ కారణం చాలు.

వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గోడకున్న క్యాలెండర్‌లో రెండు నెలలపాటు రోజూ రాత్రి మూడు గుర్తులు వేయండి. పగలు ఎన్నిసార్లు ఆవిర్లు వచ్చాయి, రాత్రి ఎన్నిసార్లు లేచారు, రక్తస్రావం ఉంటే ఎన్ని ప్యాడ్లు మార్చారు. రూపాయి బిళ్లకంటే పెద్ద రక్తపు గడ్డలు పడితే ఆ తేదీకి సున్నా చుట్టండి. ఓపీలో డాక్టరు మనకిచ్చేది ఐదు, పది నిమిషాలు. ‘ఒంట్లో బాగుండటం లేదండి, నీరసం’ అంటే బలం మాత్రలు రాసి పంపిస్తారు. ‘మూడు నెలలుగా రాత్రికి నాలుగుసార్లు చెమటలతో లేస్తున్నాను, పగలు పని సాగడం లేదు, ముట్లు 20 రోజులకొకసారీ 50 రోజులకొకసారీ వస్తున్నాయి, ఇది మెనోపాజేనా?’ అని అడిగితే మాట అక్కడినుంచే మొదలవుతుంది. కలయికలో నొప్పి, యోని పొడిబారడం లాంటివి భర్త ముందో కొడుకు ముందో చెప్పలేకపోతే, ‘లోపల చూసేటప్పుడు ఒక్కదాన్నే ఉంటాను’ అని నర్సుతో ముందే చెప్పండి. వాడుతున్న మందుల పట్టీలన్నీ సంచిలో వేసుకెళ్లండి, ఆయుర్వేదం, ఆకు మందులు సహా.

క్యాలెండర్ నిండేదాకా ఆగకూడనివీ ఉన్నాయి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా, అది లేత గులాబీ మరకైనా సరే, ఆ వారంలోనే చూపించుకోవాలి. చాలామందిలో కారణం లోపలి పొర పలచబడటం లాంటి చిన్నదే అవుతుంది. కానీ గర్భసంచి లోపలిపొర క్యాన్సర్ మొదట కనపడేది కూడా ఇలాగే, అప్పుడే పట్టుకుంటే నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ. యోని ద్వారా చేసే స్కాన్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటినా, మందం తక్కువే ఉన్నా మళ్లీ మళ్లీ మరకలు పడుతున్నా పొర ముక్క తీసి పరీక్షకు పంపాలి. గంటకో ప్యాడ్ తడుస్తూ రెండు గంటలు దాటినా ఆగకపోతే, కళ్లు తిరుగుతుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ నొక్కేసినట్టుండి చెమటలు పడితే దాన్ని ఆవిరి అనుకోవద్దు, ముందు ఈసీజీ. బతకాలనిపించని దిగులు పట్టుకుంటే 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనూ.

ఇక పరీక్షలు. 45 దాటిన మనిషికి లక్షణాలు స్పష్టంగా ఉంటే మెనోపాజ్ అని చెప్పడానికి హార్మోన్ పరీక్ష అవసరం లేదు. అండాశయాలని పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష ఈ నెల ఎక్కువ, వచ్చే నెల తక్కువ చూపిస్తుంది. రిపోర్టు ‘నార్మల్’ వచ్చిందని బాధను అబద్ధమని తోసేయడం మనకు తరచూ జరిగే నష్టం. అండాల నిల్వని అంచనా వేసే ఏఎంహెచ్ పరీక్షకి డబ్బు పోసినా ఇక్కడ తేలేది పెద్దగా ఉండదు. నిజంగా కావలసినవి చవకైనవే: హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, చక్కెర, బీపీ, కొలెస్టరాల్. థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు, దడ, నిద్రలేమి అచ్చం ఇలాగే ఉంటాయి. చక్కెర మందులు వాడేవాళ్లకి అర్ధరాత్రి చెమటలు పడితే అది చక్కెర పడిపోవడం కావచ్చు, లేచిన వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. మన దేశంలో ఇంకో మాట తప్పకుండా చెప్పుకోవాలి. రాత్రి చెమటలతోపాటు రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం.

40 ఏళ్లలోపే ముట్లు మూడు నాలుగు నెలలు ఆగితే దారి వేరు. గర్భం లేదని తేల్చుకున్నాక అక్కడ ఎఫ్‌ఎస్‌హెచ్ తప్పనిసరి. అండాశయాలు ముందే ఆగిపోయాయని తేలితే, వాడకూడని కారణం లేనంతవరకు కనీసం మామూలుగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ చికిత్స ఇస్తారు. అది ఆవిర్ల కోసమే కాదు, ఎముకలనీ గుండెనీ కాపాడటానికి. ‘ముట్లు లేవు, హాయిగా ఉంది’ అని పదేళ్లు వదిలేస్తే ఎముకలు లోలోపల గుల్లబారతాయి.

తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికన్నా బాధపెట్టే సంగతి గర్భసంచి ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటులో జరిగినవి, ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం. ముట్లు ఆగే ముందు దశలో అండం విడుదల కాని నెలల్లో పొర మందంగా పేరుకుని ఒక్కసారిగా ఊడుతుంది, అందుకే ఎక్కువ రక్తం పోతుంది. చాలా సందర్భాల్లో అది మందుతో దారికొస్తుంది. అనవసరపు ఆపరేషన్లను అడ్డుకునేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలను ఆదేశించింది. అయినా ఓపీ గదిలో మాట మాట్లాడాల్సింది మనమే.

‘గర్భసంచికి పుండు పడింది, వాచింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అన్నారా? కంగారుపడి తేదీ ఖాయం చేసుకోకండి. గర్భాశయ ముఖద్వారం ఎర్రగా కనపడటం, తెల్లబట్ట కావడం గర్భసంచి తీయడానికి కారణాలు కావు. ముఖద్వార క్యాన్సర్ ముప్పుని పట్టిచ్చే పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేసి తేల్చాలి. రక్తస్రావానికైతే ఈ నాలుగూ అడగండి: గర్భసంచిలో కండ గడ్డ (ఫైబ్రాయిడ్) ఉంటే ఎంత సైజు, ఎక్కడ ఉంది? పొర ముక్క పరీక్ష రిపోర్టు ఏం చెప్పింది? మందులతో ఎన్ని నెలలు చూశాం? అండాశయాలు ఉంచుతారా? ముందుగా వాడి చూడగలిగినవి ఉన్నాయి. రక్తం ఎక్కువగా పోయే రోజుల్లో ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాములవి రెండేసి మాత్రలు రోజుకి మూడుసార్లు, గరిష్ఠంగా నాలుగైదు రోజులు వాడతారు. గతంలో కాలి రక్తనాళంలో గడ్డ కట్టినవాళ్లకి ఇవ్వరు. ఇంకోటి గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్, లోపల 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది. ఖర్చు ఒక్కసారే, ఏళ్లపాటు పనిచేస్తుంది, రక్తం బాగా తగ్గిస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనపడతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది రెండో నెలలో తీయించేసుకుంటారు.

పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలు, క్యాన్సర్, మందులకి లొంగని రక్తస్రావం ఉంటే ఆపరేషన్ అవసరమే, అందులో సందేహం లేదు. చేయించుకుంటే మాత్రం డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారా తీశారా అని రాయించుకుని, తీసిన గర్భసంచి బయాప్సీ రిపోర్టుతో కలిపి దాచుకోండి. రెండు అండాశయాలూ తీస్తే ఆవిర్లు రోజుల్లోనే, పెద్ద ఎత్తున మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కాస్త ముందే రావచ్చు, పైగా ముట్లు ఉండవు కాబట్టి ఎప్పుడొచ్చిందో తెలియదు. పదేళ్ల తర్వాత మందు రాసే డాక్టరుకి ఆ కాగితమే ఆధారం.

హార్మోన్ చికిత్స గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. భయానికి మూలం 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన ఓ పెద్ద అధ్యయనం. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఈస్ట్రోజన్‌కి ప్రొజెస్టరాన్ తరహా హార్మోన్ కలిపిన మాత్ర వేసుకున్నవారిలో ఏడాదికి 10,000 మందికి 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా వచ్చాయి. గర్భసంచి లేక ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవారిలో అలా పెరగలేదు. ఈరోజు వైద్యులు పాటించే లెక్క ఇది: 60 ఏళ్లలోపు, లేదా ముట్లు ఆగి పదేళ్లు దాటనివారికి, ఆవిర్లు బాధిస్తుంటే, ప్రయోజనం సాధారణంగా ముప్పుకంటే ఎక్కువ. ‘సమయానికి’ అనే మాట బరువు ఇక్కడే ఉంది. 52లో సులభంగా మొదలుపెట్టగలిగిన మందుని 64లో మొదలుపెట్టడానికి డాక్టరు వెనకాడతారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారికి, గుండెపోటు, పక్షవాతం, కాలి రక్తనాళంలో గడ్డలు వచ్చినవారికి, కాలేయ జబ్బు ముదిరి ఉన్నవారికి ఇది ఇవ్వరు. కాలేయం, గడ్డల గురించి భయం ఉన్నవారికి, బరువు ఎక్కువగా ఉన్నవారికి మాత్రకన్నా చర్మానికి రాసే జెల్ మేలు. మాత్రతో గడ్డల ముప్పు పెరుగుతుంది, మామూలు మోతాదు జెల్‌తో పెరిగినట్టు కనపడలేదు. జెల్ చేతి బయటివైపు గానీ తొడకి గానీ రాసి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. రొమ్ము మీద రాయకూడదు, రాశాక కనీసం గంటసేపు ఆ చోటు పిల్లలకి తగలనివ్వకూడదు.

గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర పెరిగి క్యాన్సర్‌కి దారితీయవచ్చు. అందుకే ఆ పొర పెరగకుండా ఆపే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ తోడుండాలి. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ ముట్లు ఆగి ఏడాది దాటినవారికి రోజూ రాత్రి 100 మిల్లీగ్రాములు, ఇంకా ముట్లు వచ్చేవారికి నెలలో 12-14 రాత్రులు 200 మిల్లీగ్రాములు ఇవ్వడం రివాజు. మత్తుగా ఉంటుంది కాబట్టి పడుకునే ముందే వేసుకోవాలి. గర్భసంచి తీయించుకున్న ఆడపడుచుకి రాసిన ఈస్ట్రోజన్ మాత్రని ‘నాకూ అవే ఆవిర్లు’ అని వదిన వేసుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది. ఈ హార్మోన్ చికిత్స గర్భం రాకుండా ఆపదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కానివారు 50 దాటాక ముట్లు ఆగితే ఏడాది, 50 లోపే ఆగితే రెండేళ్లు జాగ్రత్త పాటించాలి.

హార్మోన్లు పనికిరానివారు ఉత్తచేతులతో తిరిగి రానక్కర్లేదు. మామూలుగా దిగులుకి ఇచ్చే వెన్లాఫాక్సిన్ 37.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. రాత్రి చెమటలే ఎక్కువైతే మామూలుగా మూర్ఛకి, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు పడుకునే ముందు ఇస్తారు. ‘నాకు పిచ్చి మందు రాశారు’ అని పారేయకండి, తక్కువ మోతాదులో ఇవి ఆవిర్లని తగ్గిస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ వాడుతున్నవారు ఇదే కోవలోని పారాక్సిటిన్ అనే దిగులు మందు మాత్రం వద్దని డాక్టరుకి గుర్తుచేయాలి, అది టామోక్సిఫెన్ పని చెడగొడుతుంది.

యోని పొడిబారడం, మూత్రంలో మాటిమాటికీ మంట ఆవిర్లలాగా కాలంతో పోవు, పెరుగుతాయి. ఒక రకం ఈస్ట్రోజన్ అయిన ఎస్ట్రియాల్ క్రీమ్ 0.5 మిల్లీగ్రాముల మోతాదులో రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండు రాత్రులు లోపల పెట్టుకుంటారు. ఒంట్లోకి చేరేది చాలా తక్కువ, ప్రొజెస్టరాన్ అక్కర్లేదు, ఏళ్లపాటు వాడవచ్చు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు ముందు క్యాన్సర్ డాక్టరుని అడగాలి. మానేస్తే బాధ తిరిగి వస్తుందని తెలియక చాలామంది తగ్గగానే ఆపేస్తారు.

తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మెనోపాజ్ బాధలనూ చేర్చారు, మంగళవారాలు ఆడవాళ్లకి కేటాయించారు. మీ ఊరి కేంద్రంలో ఏ రోజు ఎవరు చూస్తారో ఆశా కార్యకర్తని అడగండి. ఏ మందైనా మొదలుపెట్టాక మూడు నెలలకి అదే క్యాలెండర్‌తో తిరిగి వెళ్లాలి. ఆవిర్లు రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గడం మొదలై, పూర్తి ఫలితం రావడానికి మూడు నెలలు పడుతుంది. పదో రోజున ‘పనిచేయలేదు’ అని మానేయకండి. తగ్గకపోతే ముందు మోతాదు మార్చమని అడగండి. హార్మోన్ చికిత్స మొదలుపెట్టిన మొదటి ఆరు నెలల్లో చిన్న చిన్న మరకలు రావచ్చు, ఆరు నెలలు దాటినా ఆగకపోతే, లేదా ఆగి మళ్లీ మొదలైతే స్కాన్ చేయించాలి. తర్వాత ఏడాదికోసారి బీపీ, రొమ్ము పరీక్ష, ఇంకా మందు అవసరమా అనే చర్చ, అంతే.