హాల్వింగ్ ట్రాకర్‌లో తేదీ ఎందుకు జరుగుతూ ఉంటుంది

బిట్‌కాయిన్ మైనర్ల రివార్డ్ సగమయ్యే రోజుని (హాల్వింగ్) చూపించే ట్రాకర్ తెరిచిన ప్రతిసారీ తేదీ కాస్త ముందుకో వెనక్కో జరిగి కనిపిస్తే చాలామంది బగ్ అనుకుంటారు. అసలు అనుమానించాల్సింది తేదీ కదలని ట్రాకర్‌ని. బిట్‌కాయిన్‌కి క్యాలెండర్‌తో పనిలేదు, బ్లాక్ హైట్ (చైన్‌లో బ్లాకు వరుస సంఖ్య) ఒక్కటే లెక్క. 2,10,000 బ్లాకులకోసారి రివార్డ్, అంటే బ్లాకు తవ్విన మైనర్‌కి దక్కే కొత్త బిట్‌కాయిన్లు, సగమవుతుంది. 2024 ఏప్రిల్ 20న 8,40,000 దగ్గర 6.25 నుంచి 3.125కి దిగింది. ఈసారి 10,50,000 దగ్గర 1.5625 అవుతుంది.

సొంతంగా రాసుకోవడం పెద్ద పనేం కాదు. నోడ్‌ని (బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్) గెట్‌బ్లాక్‌కౌంట్ అనే కమాండ్‌తో హైట్ అడగండి. వచ్చిన అంకెను 2,10,000తో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలిపి, మళ్లీ 2,10,000తో గుణిస్తే తర్వాతి హాల్వింగ్ హైట్ వస్తుంది. తప్పు దొర్లేది ఆ తర్వాతే. నోడ్ చెప్పేది ఇప్పటికే వచ్చేసిన చివరి బ్లాక్ హైట్, మైనర్లు తవ్వుతున్నది దాని తర్వాతి బ్లాకు. టిప్ (ఆ చివరి బ్లాకు) 10,49,999 దగ్గర ఉన్నప్పుడు తవ్వుతున్న బ్లాకుకి అప్పటికే కొత్త రివార్డ్. కాబట్టి "ప్రస్తుత రివార్డ్" లెక్కకి హైట్‌కి ఒకటి కలిపి వాడాలి, లేదంటే సరిగ్గా అందరూ చూస్తున్న ఆ పది నిమిషాలూ స్క్రీన్ మీద పాత అంకే ఉంటుంది.

రివార్డ్‌ని దశాంశాల్లో కాకుండా సతోషీల్లో (బిట్‌కాయిన్‌లో పది కోట్లవ వంతు), పూర్ణాంకాలతోనే లెక్కపెట్టండి. 500 కోట్ల సతోషీలతో మొదలై తొమ్మిది హాల్వింగ్‌ల దాకా సమంగా తెగుతుంది. పదోసారి 48,82,812.5 వస్తుంది, కోడ్ ఆ అర సతోషీని వదిలేస్తుంది. మొత్తం సప్లై 2.1 కోట్లకి కొద్దిగా తక్కువ దగ్గర ఆగడం ఇందుకే.

ఇక తేదీ. మిగిలిన బ్లాకుల్ని పది నిమిషాలతో గుణించి ఊరుకుంటే కుదరదు. 2020 మే 11 నుంచి 2024 ఏప్రిల్ 20 దాకా సగటున బ్లాకుకి 9 నిమిషాల 52 సెకన్లే పట్టింది. హ్యాష్‌రేట్ (మైనర్ల మొత్తం కంప్యూటింగ్ శక్తి) పెరుగుతున్నంతకాలం బ్లాకులు కాస్త ముందే వస్తాయి, డిఫికల్టీ (బ్లాకు తవ్వడం ఎంత కష్టమో చెప్పే అంకె) 2,016 బ్లాకులకోసారి గానీ సర్దుకోదు. లక్ష బ్లాకులు మిగిలి ఉంటే పది నిమిషాల లెక్కన 694 రోజులు, 9.75 నిమిషాల లెక్కన 677 రోజులు. పదిహేడు రోజుల తేడా అక్కడే వచ్చింది. అలాగని చివరి ఇరవై బ్లాకుల సగటు తీసుకుంటే తేదీ కోతిలా గెంతుతుంది, పైగా మైనర్లు వేసే టైమ్‌స్టాంప్ అసలు సమయం కంటే రెండు గంటల దాకా ముందున్నా నెట్‌వర్క్ ఒప్పుకుంటుంది. నడుస్తున్న 2,016 బ్లాకుల విడతలో మిగిలినవాటికి ఆ విడత వేగం, ఆపైన ఉన్నవాటికి గత ఏడాది సగటు వాడితే బాగుంటుంది. తేదీని కూడా ఒకే రోజుగా కాక "ఇన్నో తేదీ నుంచి ఇన్నో తేదీ మధ్య" అని చూపించడమే నిజాయితీ.

మైనింగ్ చేసేవాళ్లకి ఇంకో లెక్క అవసరం, దీన్ని చూపించే ట్రాకర్లు తక్కువ. 10,50,000కి ముందు చివరి డిఫికల్టీ సర్దుబాటు 10,48,320 దగ్గర, ఆ తర్వాతిది 10,50,336 దగ్గర. అంటే రివార్డ్ సగమయ్యాక 336 బ్లాకులు, రెండున్నర రోజుల లోపు, పాత డిఫికల్టీతోనే నడవాలి. గిట్టుబాటు కాని మెషీన్లు ఆపేస్తే ఆ వ్యవధి సాగుతుంది. ఆ సర్దుబాటు చూసే 2,016 బ్లాకుల్లో 1,680 హాల్వింగ్‌కి ముందువి కాబట్టి డిఫికల్టీ పూర్తిగా దిగదు. అసలు ఊరట దాని తర్వాతి సర్దుబాటులోనే.

రివార్డ్‌ని కాయిన్‌బేస్ ట్రాన్సాక్షన్ (బ్లాకులో మైనర్‌కి డబ్బు చేరే మొదటి ట్రాన్సాక్షన్) మొత్తం చూసి కనిపెట్టే టూల్స్ జోలికి పోకండి. అందులో ఫీజులూ కలిసుంటాయి. 8,40,000 బ్లాకులో ఒక్క ఫీజులే 37 బిట్‌కాయిన్లు దాటాయి. ఆ టూల్ దృష్టిలో అది హాల్వింగ్ కాదు, బోనస్!

వేరే కాయిన్లు కలిపితే 2,10,000 అన్న అంకెని కోడ్‌లో పాతేయకండి. లైట్‌కాయిన్‌కి 8,40,000 బ్లాకులు. ఇథీరియమ్ క్లాసిక్ 50 లక్షల బ్లాకులకోసారి 20 శాతం తగ్గిస్తుంది, సగం కాదు. డాష్ 2,10,240 బ్లాకులకోసారి పద్నాలుగో వంతు తగ్గిస్తుంది. జీక్యాష్ మధ్యలో బ్లాక్ సమయాన్ని 150 నుంచి 75 సెకన్లకి మార్చింది, అందుకే దాని హాల్వింగ్‌లు 10,46,400, 27,26,400 లాంటి చోట్ల పడ్డాయి, భాగహారంతో దొరకవు. డోజ్‌కాయిన్‌కి 6,00,000 బ్లాకు నుంచి 10,000 స్థిరం, మోనెరోకి 2022 జూన్ నుంచి 0.6 స్థిరం, వీటికి కౌంట్‌డౌన్ పెట్టడమే తప్పు. ప్రతి కాయిన్‌కీ హైట్, రివార్డ్ జతల పట్టిక రాసి పెట్టుకోవడం ఏ ఫార్ములా కంటే నయం.

అలర్ట్‌లు బ్లాకుల మీదే పెట్టండి: 2,016, 144, 6 మిగిలినప్పుడు. నోడ్ ఇంకా సింక్ అవుతుంటే హైట్ పాతది వస్తుంది, కాబట్టి నోడ్ దగ్గరున్న బ్లాకుల అంకె, హెడర్ల (బ్లాకుల పైభాగపు వివరాలు, ఇవి ముందే వచ్చేస్తాయి) అంకె సమానమైతేనే అలర్ట్ వెళ్లాలి. "హాల్వింగ్ అయిపోయింది" అన్న చివరి మెసేజ్‌ని మాత్రం పైన ఇంకో రెండు బ్లాకులు పడేదాకా ఆపండి, లేదంటే రీఆర్గ్ అయినప్పుడు (చివరి బ్లాకు స్థానంలో వేరే బ్లాకు వచ్చినప్పుడు) అదే మెసేజ్ రెండుసార్లు వెళ్తుంది.