సోటో పోయిన మర్నాడు

9 డిసెంబర్ 2024, సోమవారం

పొద్దున్న ఆరున్నరకి కిందికి దిగేసరికి మావాడు సోఫాలో ముడుచుకుని కూర్చున్నాడు. పళ్ళయినా తోముకోలేదు. చేతిలో నా ఫోను.

"అమ్మా, సోటో మెట్స్‌కి వెళ్ళిపోయాడు."

నాకు రాత్రే తెలుసు. పడుకోబోతూ ఫోనులో చూశాను. లేపి చెబుదామా అని ఒక నిమిషం ఆలోచించి, వద్దులే అని లైటు తీసేశాను. చెడ్డ కబురు ఏదైనా కాఫీ తాగాకే చెప్పాలని మా ఇంట్లో ఎప్పటినుంచో రూలు. వాడికి కాఫీ లేదు కాబట్టి పాలు కాచి ఇచ్చాను.

బేస్‌బాల్ ఆటగాడు హువాన్ సోటోకి న్యూయార్క్ మెట్స్ టీము ఇచ్చింది 15 ఏళ్ళకి 765 మిలియన్ డాలర్లు. ఏ ఆటలోనూ ఒక ఆటగాడికి ఇంత కాంట్రాక్టు రాయలేదని అంటున్నారు. నిన్నటిదాకా న్యూయార్క్‌లోనే ఉన్న ఇంకో టీము, మా యాంకీస్ మనిషి. నిన్నటిదాకా అంటే మరీ పాతకాపేం కాదు, ఒక్క ఏడాదే. పోయిన డిసెంబర్లో శాన్ డియేగో టీము నుంచి తెచ్చుకున్నాం. "తెచ్చుకున్నాం" అని రాస్తున్నాను చూడండి, నేనేదో చెక్కు మీద సంతకం పెట్టినట్టు.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచే అంది: "ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అంటే ఇదే. ఎవడి డబ్బో ఎవడికో ఇస్తే పిల్లాడు పాలు తాగకపోవడమేంటే?"

నాన్న మాత్రం పేపరు కింద పెట్టి, "ఎన్నేళ్ళన్నావ్?" అని అడిగారు.

నాన్నావాళ్ళు తెనాలి నుంచి అక్టోబర్ మొదట్లో వచ్చారు. మొదటి నెల గుడి, పార్కు, ఇండియన్ కొట్టు అని బాగానే గడిచింది. నవంబర్లో గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగున్నరకే చీకటి. ఈ న్యూజెర్సీ ఎడిసన్‌లో చలికాలం ఇంతే, మాకు అలవాటైపోయింది. ముప్పయ్యారేళ్ళు రోజూ సాయంత్రం క్యాష్ టాలీ చేసి ఇంటికొచ్చిన మనిషికి మాత్రం టాలీ చేయడానికి ఏమీ లేకుండా పోయింది. మాటలు తగ్గాయి. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద కార్లు చూస్తున్నారు. అలాంటిది ఇవాళ వరసగా మూడు ప్రశ్నలడిగారు. వాడి వయసెంత? (26.) మధ్యలో ఆడలేకపోతే? (అయినా ఇవ్వాల్సిందే.) యాంకీస్ ఎంతిస్తామన్నారు? (16 ఏళ్ళకి 760.)

"మరి ఐదు మిలియన్ల తేడాకే పోయాడా?" అని మావాడు. నాన్న ఏమీ అనలేదు. మంకీ క్యాప్ పెట్టుకుని చెత్త డబ్బాలు లోపలికి తేవడానికి బయటికెళ్ళారు. కోటు మర్చిపోయారు. అది పట్టుకుని నేనూ వెనకాలే వెళ్ళాను.

ఎదురింటి పెద్దాయన అప్పటికే కాఫీ కప్పుతో వాకిట్లో నిలబడి ఉన్నారు. యాంకీస్ స్టేడియం ఉన్న బ్రాంక్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, యాంకీస్ అంటే ప్రాణం. మాట ఆయనే మొదలుపెట్టారు. ఐదు మిలియన్లు! ఐదు మిలియన్ల కోసం బ్రాంక్స్ వదిలేసి మెట్స్ వాళ్ళ క్వీన్స్ పోయాడు! మా రోజుల్లో ఆ యాంకీస్ గీతల చొక్కా వేసుకోవడానికే ఎదురు డబ్బులిచ్చేవాళ్ళు.

నాన్న తన బ్యాంకు ఇంగ్లీషులో, "సార్, ఐదు కాదు" అన్నారు. నా కారు అద్దం మీద రాత్రి తేమ పట్టి ఉంది. దాని మీద వేలితో రాశారు. 760 బై 16, ఏడాదికి 47.5. దాని కింద 765 బై 15, ఏడాదికి 51. "ఏడాదికి మూడున్నర తేడా. పైగా ఒక ఏడాది చాకిరీ తగ్గింది. ఆ పదహారో ఏడు వాడు ఖాళీ."

పెద్దాయన అద్దం వంక చూశారు. లెక్క నచ్చలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది, కాదనడానికీ లేదు. "మీరు మెట్స్ అభిమానా?" అని అనుమానంగా అడిగారు.

"నేను రిటైర్డ్ బ్రాంచ్ మేనేజర్" అన్నారు నాన్న.

అక్కణ్ణుంచి చర్చ ఇప్పుడేం చేయాలన్నదాని మీదికి మళ్ళింది. చలికాలమంతా ఇక్కడ ఇదే పని. ఆట మార్చి దాకా లేదు. ఉన్నదల్లా ఎవర్ని కొనాలి, ఎవర్నిచ్చి ఎవర్ని తెచ్చుకోవాలి అన్న గొడవే. టీముల మేనేజర్లంతా ఈ వారం డాలస్‌లో సమావేశాలకి చేరారు, ఏ గంటకి ఏ వార్త వస్తుందో తెలీదు. పెద్దాయన జాబితా సిద్ధంగా ఉంది. ఫస్ట్ బేస్ దగ్గర కాపు కాసే మనిషి లేడు. పిచ్చర్లలో, అంటే బంతి విసిరేవాళ్ళలో, బర్న్స్ గానీ ఫ్రీడ్ గానీ కావాలి. సోటో చోటుకి హ్యూస్టన్ నుంచి కైల్ టక్కర్‌ని ట్రేడ్‌లో, అంటే మనవాళ్ళనిచ్చి మార్చుకునే బేరంలో, లాగాలి.

"బదులు ఎవర్నిస్తారు? అవతలివాడు ఊరికే ఎందుకిస్తాడు?" అని నాన్న.

పెద్దాయన గొంతు తగ్గింది. మా పిచ్చర్ లూయిస్ హీల్‌ని అడుగుతారేమో అన్నారు. గిల్ అని రాసి హీల్ అని పలుకుతారు, నాకు అలవాటు కావడానికే సీజన్ అంతా పట్టింది. ఈ ఏడాది అమెరికన్ లీగ్‌లో రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే కొత్తవాళ్ళలో మేటి, అతనే. ఇంకా చాలా ఏళ్ళు తక్కువ జీతానికి యాంకీస్ చేతిలో ఉండే కుర్రాడు. టక్కర్‌కేమో ఇంకొక్క సీజనే ఉంది, తర్వాత ఫ్రీ ఏజెంట్ అయి, అంటే ఏ టీముకైనా పోయే స్వేచ్ఛ వచ్చి, సోటోలాగే తన వేలంపాట తనే పెట్టుకుంటాడు.

"ఒక్క ఏడాది మనిషి కోసం అంత నికరమైన ఆస్తి ఇస్తారా? పోయినేడు కూడా అదే చేశారన్నాడు మా మనవడు."

అవును, అదే చేశాం. సోటో కోసం ఐదుగుర్ని ఇచ్చాం. అందులో మైకేల్ కింగ్ శాన్ డియేగో వెళ్ళి ఈ సీజన్లో 13 మ్యాచ్‌లు గెలిపించాడు. ఇది ఎత్తితే పెద్దాయనకి మండుతుంది. ఎత్తకపోయినా మండుతుంది. నా మటుకు నాకు ఆ బేరం మళ్ళీ వచ్చినా చేయొచ్చనే అనిపిస్తుంది. అక్టోబర్ 19న క్లీవ్‌లాండ్‌లో పదో ఇన్నింగ్స్. సోటో నచ్చని బంతినల్లా గీత బయటికి ఫౌలుగా తోసేస్తూ, ప్రతి బంతికీ తల ఆడిస్తూ, తనకి కావాల్సిన బంతి వచ్చేదాకా ఆగి ఆగి కొట్టాడు. మూడు పరుగులు. యాంకీస్ 2009 తర్వాత మళ్ళీ వరల్డ్ సిరీస్‌లో, అంటే ఫైనల్స్‌లో, అడుగుపెట్టింది ఆ దెబ్బతోనే. అమ్మ సోఫాలో నిద్రపోతోంది, మావాడు అరిచిన అరుపుకి "దొంగలా?" అంటూ లేచింది. ఆ రాత్రికి మైకేల్ కింగ్‌ని ఇచ్చుకోవచ్చు.

తర్వాత పది రోజులకే అయిపోయింది అనుకోండి. దీపావళి ముందు రాత్రి ఆ ఫైనల్స్‌లో ఐదో మ్యాచ్. 5-0 ఆధిక్యంలో ఉండి లాస్ ఏంజెలస్ డాడ్జర్స్‌కి అప్పజెప్పారు. మా ఆటగాడు ఆరన్ జడ్జ్ చేతిలో పడాల్సిన బంతి జారిపోయింది, మా పిచ్చర్ కోల్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తకుండా వేలు చూపిస్తూ నిలబడ్డాడు. బేస్‌బాల్‌లో ఓనమాలు రాని నాన్న కూడా ఆ రోజు "క్యాచ్ వదిలేశాడురా" అని తలపట్టుకున్నారు. దానికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది.

పదింటికి ఆఫీసు కాల్. మా టీములో ఒక మెట్స్ అభిమాని ఉన్నాడు. నీలం టోపీ పెట్టుకుని కెమెరా ఆన్ చేసి కూర్చున్నాడు. మామూలుగా కెమెరా ఆన్ చేయని మనిషి. పాపం అతనికీ టెన్షనే. వాళ్ళ ఆటగాడు పీట్ అలోన్సో కూడా ఇప్పుడు ఫ్రీ ఏజెంటే, సోటోకే ఇంత పోశాక అలోన్సోకి ఇస్తారా అని. ఓనరు స్టీవ్ కోహెన్ కదా, ఆయన దగ్గర లేనిదేముంది అన్నాను. సగం అభినందన, సగం కుళ్ళు.

మధ్యాహ్నం పప్పుచారు అన్నం తింటూ నాన్న మళ్ళీ ఎత్తుకున్నారు. మొన్న జెడ్డాలో ఐపీఎల్ వేలం ఆయన రెండు రోజులూ చూశారు. సిరాజ్‌ని గుజరాత్ 12.25 కోట్లకి కొంటే, మన హైదరాబాద్ పిల్లాడు మనకి లేకపోయాడే అని బాధపడ్డారు. "అక్కడ ఆటగాడు ఏ ఊరు పోవాలో వేలంపాట చెబుతుంది. ఇక్కడ ఆటగాడే పాట పెట్టి, తనకి నచ్చినచోట ఆపుకున్నాడు. నయమే!"

నయమే కానీ అందరికీ కాదు, ఎప్పుడూ కాదు అని చెప్పాను. ఆరేళ్ళ సర్వీసు నిండితేనే ఫ్రీ ఏజెంట్. అప్పటిదాకా టీము ఎక్కడికి పంపితే అక్కడికి పోవాల్సిందే. సోటోనే 2022లో వాషింగ్టన్‌లో ఉండగా, 15 ఏళ్ళకి 440 మిలియన్లు ఇస్తామంటే వద్దన్నాడు. అప్పటికి వాడికి 23 ఏళ్ళు. సరిగ్గా ఆగస్టు 2న శాన్ డియేగోకి ట్రేడ్ చేసేశారు.

నాన్న కంచంలో చెయ్యి ఆగిపోయింది. "అంటే, వద్దన్నందుకు ట్రాన్స్‌ఫర్ కొట్టారన్నమాట."

ఇన్నేళ్ళుగా మావాడికి ట్రేడ్ అంటే ఏమిటో, అందులో బాధేమిటో చెప్పడానికి నాకు ఈ మాట తట్టలేదు. నాన్నకి తట్టింది. ఆఫీసరు ప్రమోషన్ మొదటిసారి వచ్చినప్పుడు ఆయన వద్దన్నారు, నేను పదో తరగతిలో ఉన్నానని. ఆరు నెలలు తిరక్కుండా శ్రీకాకుళం జిల్లాలో ఒక బ్రాంచికి వేశారు. శనివారం రాత్రి రైల్లో వచ్చి ఆదివారం రాత్రి రైల్లో పోయేవారు. సాయంత్రం మావాడు స్కూలు నుంచి వచ్చాక అదంతా చెబితే వాడు నోరు తెరుచుకుని విన్నాడు. పదేళ్ళ సర్వీసు ఉండి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే టీములో ఆడితే ట్రేడ్ వద్దనే హక్కు ఉంటుందని నేను చెబితే, "యూనియన్ గట్టిదన్నమాట" అని నాన్న ఎంతో తృప్తిగా మజ్జిగ పోసుకున్నారు. అమ్మ అడిగింది, ఇంతకీ రోజుకెంత పడుతుందని. 162 మ్యాచ్‌లు, ఏడాదికి 51 మిలియన్లు. మ్యాచ్‌కి మన డబ్బులో రెండున్నర కోట్ల పైనే. అమ్మ ఇంకేం మాట్లాడలేదు, గోంగూర గిన్నె మూత పెట్టేసింది.

సాయంత్రం మావాడు తాతయ్యకో పజిల్ పెట్టాడు. బాబీ బోనియా. ఆట మానేసి ఎప్పుడో ఇరవై ఏళ్ళు దాటినా మెట్స్ ఆయనకి ఏటా జులై 1న డబ్బు పంపుతారు. 2011లో మొదలై 2035 దాకా. 2000లో ఆయనకి 5.9 మిలియన్లు బాకీ ఉంటే, ఇప్పుడు కాదు తర్వాత ఇస్తాం, 8 శాతం వడ్డీతో అని ఒప్పుకున్నారు. మెట్స్‌ని వెక్కిరించాలంటే ఈ ఊళ్ళో అందరూ ఎత్తేది ఇదే. "ఏడాదికెంతో చెప్పు తాతయ్యా, ఫోను చూడకుండా."

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నారు. మందుల షాపు బిల్లు వెనక్కి తిప్పారు. 8 శాతానికి తొమ్మిదేళ్ళలో అసలు రెట్టింపు, ఇంకో రెండేళ్ళు కలిపితే 5.9 కాస్తా 13.75 అవుతుంది. దాన్ని 25 వాయిదాలుగా, ప్రతి వాయిదా ఏడాది మొదట్లోనే ఇచ్చేట్టు విడగొట్టాలి. పావుగంట పట్టింది. పెన్ను రెండుసార్లు విదిలించారు. మధ్యలో పెదవులు కదులుతున్నాయి, చిన్నప్పుడు ఇంట్లో లెడ్జర్ల ముందు కూర్చున్నప్పుడు కదిలినట్టే. చివరికి గీత గీసి కింద రాశారు: 11 లక్షల 93 వేల చిల్లర.

మావాడు ఫోను తీశాడు. 11,93,248 డాలర్లు. వాడు కుర్చీ మీదికెక్కి నిలబడ్డాడు.

"ఇందులో మోసపోయిందెవరూ లేరురా, ఇది ఫిక్సెడ్ డిపాజిట్" అన్నారు నాన్న. "8 శాతం ఆ రోజుల్లో మరీ ఎక్కువేం కాదు. ఆ డబ్బు అప్పుడు ఇవ్వకుండా వాళ్ళెక్కడ పెట్టుకున్నారో అది చెప్పు."

అప్పటి ఓనర్లు మేడాఫ్ అనే పెట్టుబడుల వ్యాపారి దగ్గర పెట్టుకున్నారని, అంతకంటే ఎక్కువ వస్తుందని నమ్మారని, 2008లో అది పచ్చి మోసమని బయటపడిందని చెప్పాను. నాన్న అమ్మ వంక చూశారు. అమ్మ కిటికీ వంక చూసింది. మా వీధిలో నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామన్న ఒక ఫైనాన్స్ వాళ్ళ దగ్గర మా నాయనమ్మ గాజులు అమ్మిన డబ్బు పెట్టారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఇవాళా ఎత్తలేదు.

ఒహ్తాని అనే ఇంకో ఆటగాడి సంగతి చెబితే మాత్రం ఆయన నిజంగానే కోప్పడ్డారు. డాడ్జర్స్ పోయినేడు పదేళ్ళకి 700 మిలియన్లన్నారు. అందులో 680 మిలియన్లు 2034 నుంచి పదేళ్ళపాటు మెల్లగా ఇస్తారు, వడ్డీ లేకుండా. "వడ్డీ లేకుండానా! ఎవడు చెప్పాడు వాడికి? అందుకే లీగు వాళ్ళు కూడా దాన్ని ఏడాదికి 70 అని లెక్కలో వేసుకోరు, తగ్గించి వేసుకుంటారు, అవునా కాదా?" అవును, 46 అని వేసుకుంటారు. ఆ విషయం నేను చెప్పకుండానే ఎలా కనిపెట్టారో మరి. సోటో డబ్బులో ఒక్క డాలరు కూడా వాయిదా లేదని చెబితే శాంతించారు. "ఈ కుర్రాడు నయం. తెలివైనవాడు."

"తాతయ్యా, నువ్వు మన టీమా, వాళ్ళ టీమా?" మావాడికి మళ్ళీ కోపం వచ్చింది. ఎండాకాలంలో కొన్న సోటో 22 నంబరు చొక్కా తెచ్చి చూపించాడు, ఇప్పుడు దీన్నేం చేయాలి అని. యాంకీస్ చొక్కాల వెనక పేర్లుండవు, నంబరే. నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "పేరు లేదుగా, ఆ నంబరు ఎవరికిస్తే వాడిదే. దాచు" అన్నారు.

పడుకునేముందు మంచినీళ్ళకి వంటింట్లోకి వెళితే నాన్న చీకట్లో క్యాలెండర్ ముందు నిలబడి ఉన్నారు. ఫోను లైటు వేసుకుని.

"మళ్ళీ ఆట ఎప్పుడు మొదలన్నాడు వాడు?"

"మార్చి 27."

"నా టికెట్టు 19కి కదా."

"అవును."

"తేదీ మారిస్తే ఎంత కోస్తారో కనుక్కో. మీ అమ్మకి చెప్పకు."